కొలతల పుస్తకంలో మన ఓట్లు

మా బావగారి దృష్టిలో ఓట్లు రెండు రకాలు: మనవి, వాళ్ళవి. అందుకే మా ఇంటి కింద గదిలో బట్టలు కుట్టే టైలరమ్మ వార్డు ఎన్నికల్లో నిలబడుతోందని తెలిసినప్పుడు ఆయన మొదట పకపకా నవ్వారు, ఆ తరువాత తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశారు.

“మన ఓట్లు చీల్చడానికే ఆ కాంట్రాక్టరు నిలబెట్టాడు దాన్ని,” అన్నారు.

“మన ఓట్లు” అంటున్నప్పుడు ఆయన గొంతులో, మా అత్తగారు “మన ఇత్తడి గిన్నెలు” అనేటప్పటి ధీమా ఉంది. అవతల కాంట్రాక్టరు మాత్రం ఆమెను నిలబెట్టింది మా బావగారేనని వీధి వీధికీ చెప్పుకు తిరుగుతున్నాడు. నిజానికి ఆమెను నిలబెట్టింది మురుగు కాలువ. ఆరేళ్ళుగా వాన పడితే చాలు, అది పొంగి తిన్నగా ఆమె గదిలోకి వస్తుంది. ఒకసారి బావగారు గెలుస్తారు, ఒకసారి కాంట్రాక్టరు గెలుస్తాడు. మురుగు ఇంతవరకూ ఒక్కసారీ ఓడిపోలేదు.

ఆ గది ఉమ్మడి ఇంట్లోది. బావగారి కాపురం పక్క వీధిలోనే అయినా తిండీ మంతనాలూ మా దగ్గరే. అన్నదమ్ములిద్దరూ సంతకం పెడితే తప్ప ఎవరినీ ఉంచడానికీ లేదు, పంపడానికీ లేదు. మావారి సంతకం గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. వాళ్ళన్నయ్య వేలు పెట్టిన చోట పెడతారు.

“నీ మాట వింటుందమ్మాయ్,” అన్నారు బావగారు నాతో. “పోటీ నుంచి తప్పుకోమను. లేకపోతే గది ఖాళీ చెయ్యాల్సొస్తుందని కూడా అను. మెత్తగా అను.”

వెళ్ళి, ఓట్లు చీలుస్తున్నావంటున్నారు, తప్పుకోమని మెత్తగానే అన్నాను. టైలరమ్మ పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

“చీల్చడం మా పని కాదక్కా. మేం కొలత తీసుకుని, గీత గీసి, అడిగి మరీ కత్తిరిస్తాం.”

“గది పోతే?”

“పోతే పోతుంది. కనీసం తడవని చోటు చూసుకుంటాను.”

అంది గానీ ఆమె చెయ్యి మిషన్ చక్రం మీంచి కదల్లేదు. ఆమె గిరాకీ అంతా ఈ వీధిలోనే. ఈ వీధిలో ఇంకో గది లేదు. ఆ సంగతి నాకూ తెలుసు.

తప్పుకోలేదు. దాంతో బావగారికి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆయనకు బుర్ర పనిచేసినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు సిగ్గుపడాల్సి వస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు మడిచి వచ్చేసరికి టైలరమ్మ నా దగ్గర ఉంచిన కింది గది రెండో తాళంచెవి మా వంటింటి మేకుకు లేదు. భోజనాల బల్ల దగ్గర బావగారు, పక్కన మావారు. మధ్యలో టైలరమ్మ కొలతల పుస్తకం. పేజీకో ఆడమనిషి, పేరు, ఇంటి నంబరు, ఆ కింద భుజం, ఛాతీ, నడుము.

“ఓటర్ల జాబితా అంటే ఇదిరా!” అంటున్నారు బావగారు. “ఎవరెవరు దాని మనుషులో అంతా ఇందులోనే ఉంది.”

“బావగారూ, అది ఆడవాళ్ళ కొలతల పుస్తకం,” అన్నాను.

“నేను కొలతలు చూట్టం లేదమ్మా. పేర్లు చూస్తున్నాను.” పేజీ తిప్పారు. “ఇదెవర్రా, నడుము నలభై రెండు?”

మంచినీళ్ళు తెచ్చిన మా అక్కయ్య, అంటే బావగారి భార్య, గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడిపోయింది. ఆయన పేజీ పైనున్న పేరు చూశారు.

“ఓ, మనదే! ఈ ఓటు ఖాయం,” అని పెన్సిలుతో టిక్కు పెట్టారు.

మావారు తలెత్తలేదు. నాకు ఆ బల్లని అప్పటికప్పుడు సబ్బు పెట్టి కడగాలనిపించింది. వాళ్ళు లేచాక కడిగాను కూడా. అయినా ఆ పూట అన్నం సహించలేదు.

ఆయన అక్కడితో ఆగినా బాగుండేది. పుస్తకం అంచుల్లో టైలరమ్మ తన గుర్తుకోసం రాసుకున్న ముక్కలున్నాయి: ‘చంక బిగుతు, విప్పి కుట్టాలి’, ‘నడుం రెండు అంగుళాలు పెరిగింది’. ఆ పేజీల్లోవాళ్ళంతా ఆమె పనితనం నచ్చక మండిపడుతున్న ఓటర్లని బావగారు తీర్మానించుకున్నారు. ప్రచారానికి వెళ్ళి, వీధి చివర ఇంట్లో ఉన్న హెడ్‌మిస్ట్రెస్‌తో, నలుగురు కార్యకర్తల ముందు, ఎంతో సానుభూతిగా అన్నారట:

“మీకు చంక దగ్గర బిగుతుగా కుట్టిందట కదండీ. అలాంటి మనిషి వార్డునేం చూసుకుంటుంది చెప్పండి?”

ఆవిడ తలుపేసేసింది. సాయంత్రానికల్లా వీధిలో తలుపులన్నీ అదే పని చేశాయి. హెడ్‌మిస్ట్రెస్ నేరుగా టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది. టైలరమ్మ మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది.

“తాళంచెవి నిన్ను నమ్మి ఇచ్చానక్కా,” అంది. అంతే అంది. మళ్ళీ మేకుకు చేరిన తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఫలితాలొచ్చాయి. బావగారు ముప్పై ఎనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయారు. టైలరమ్మకి నూట పన్నెండు వచ్చాయి. గెలిచిన కాంట్రాక్టరు “మీ పుణ్యమే” అంటూ ఆమెకు పూలగుత్తి పంపాడు. ఆమె దాన్ని గుమ్మంలో, వానకు పొంగిన కాలువకు అడ్డం పెట్టి చూసింది. ఆగలేదు.

ఆ సాయంత్రమే బావగారు కాగితం టైపు చేయించుకుని వచ్చారు. నెల రోజుల్లో గది ఖాళీ చెయ్యాలి. ఆయన సంతకం అప్పటికే ఉంది.

“నూట పన్నెండు!” అన్నారు కుర్చీలో కూలబడుతూ. “అందులో సగం నాకు పడినా గట్టెక్కేవాణ్ణి. నా ఓట్లన్నీ తినేసింది.”

“మీవి ఏవో చెప్పండి బావగారూ,” అన్నాను. “పుస్తకం అంతా చదివారుగా.”

“వెటకారమా అమ్మాయ్?”

“నడుము నలభై రెండు మీది కాదు,” అంది అక్కయ్య, ఉల్లిపాయలు తరుగుతూనే. “ఆవిడకే వేశాను.”

ఆయన ఆవిడ వైపు చూశారు. నా వైపు చూశారు. నన్ను అడగనే లేదు. మొహం చూస్తేనే తెలిసినట్టుంది.

“ఆడవాళ్ళకేం తెలుసులేరా,” అని కాగితం మావారి ముందుకు జరిపారు. “ఆవిడ నిలబడకపోతే ఇవన్నీ చచ్చినట్టు మనకే పడేవి. ఇక్కడ పెట్టు.”

మావారు పెన్ను మూత తీశారు. పెడతారు, ఎప్పుడూ పెడతారు.

“నాది ఆవిడకి పడలేదన్నయ్యా,” అన్నారు మెల్లగా.

“నాకు తెలుసురా. నువ్వొక్కడివే...”

“నీకూ పడలేదు. వరసలో నిలబడ్డాను. నా ముందు హెడ్‌మిస్ట్రెస్ గారున్నారు. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఓటెయ్యకుండానే ఇంటికొచ్చేశాను.”

ఆవిడ నిలబడకపోయినా రాని ఓటొకటి తోడబుట్టినవాడి రూపంలో ఎదురుగా కూర్చుంటే ఏ లెక్కలో వెయ్యాలో బావగారికి తోచినట్టు లేదు.

“సరే, అది వేరే సంగతి,” అన్నారు చివరికి. “సంతకం పెట్టు.”

“పెట్టను.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మావారు వాళ్ళన్నయ్య ముందు ఆ మాట అనగా నేను వినలేదు. మావారూ తన నోట ఎప్పుడూ విననట్టే ఉంది, అన్నాక గోడ వైపు తిరిగి, ఎవరో వేరేవాళ్ళు అన్నట్టు కూర్చున్నారు. పెన్ను మూత పెట్టబోతే రెండుసార్లు తప్పింది. మూడోసారికి పట్టింది.

బావగారు చెప్పులేసుకుని అక్కయ్యను ఇంటికి రమ్మన్నారు. “కూర అయ్యాక వస్తాను,” అంది ఆవిడ. ఒక్క సంతకమే ఉన్న ఆ కాగితం ఎందుకూ పనికిరాదు గనక, ఉల్లిపొట్టు దాని మీదికే తోసింది.