ముగ్గు పడిన మట్టిగుట్ట

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. తప్పులుంటే, రాత నెమ్మదిగా సాగితే మన్నించండి.

బీదర్ బజారు వెనుక ఇరుకు గల్లీలో, చిన్నపిల్లల ఆటతోట నడిపే అర్పిత అందులో మట్టిగుట్ట పోయించింది. అక్కడ కొత్తగా పనికి కుదిరిన జగదేవి తెల్లారగానే గుట్టను పేడతో అలికి ముగ్గేసింది. వచ్చిన పిల్లలు దూరంగానే నిలబడ్డారు.

“ఎందుకు ఆడుతలేరు?” అంది జగదేవి.

“ముగ్గు తొక్కితే మా అవ్వ కొడ్తది,” అంది చిన్నారి రూపాలి.

“జగదేవమ్మా, అది పిల్లలు తవ్వుకోనీకి పోయించిన,” అంది అర్పిత.

“అలుకుడు, ఊడ్సుడు వద్దంటే నన్నెందుకు పెట్టుకున్నవ్ బిడ్డా?”

“పిల్లలు ఆడుతుంటే చూసుకోనీకి.”

శుభ్రం చేస్తే తప్పయ్యే పని జగదేవి ఎన్నడూ చూడలేదు. పిల్లలు వెనక్కి మళ్లుతుంటే మనసాగక, చెప్పులు విడిచి ముగ్గు నడుమ కాలు పెట్టింది. పిల్లలు గుట్ట మీదికి ఉరికారు. రేపు చీపురు తేవాలో వద్దో మాత్రం ఆమెకు తెలియలేదు.

రాసింది: సుందరాబాయి, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది జనవాడలో.