వేడికి నిలిచిన బిళ్ళ

బా కపంబ్వే పొడి డబ్బాను ఎడమచేత్తో పైకెత్తి అలాగే ఆగిపోయాడు. బరువెక్కువ. ముప్ఫై ఒక్కేళ్లుగా రాగి గనుల ఊరు కిట్వేలోని ఈ షెడ్డులో మంటతుపాకి పట్టి ఇనుము మీద గట్టిపూత జల్లుతున్న మనిషి. క్రోమియం పొడీ, టంగ్‌స్టన్ పొడీ రెండూ బూడిదరంగే అయినా, మూత తియ్యకుండా ఏది ఏదో చెప్పేస్తాడు. ఇది టంగ్‌స్టన్.

మనిషి పొట్టి, మెడ లావు, కనుబొమలు మంటకి కాలి ఎప్పుడో రాలిపోయాయి. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. సాయంత్రం నాలుగింటికి కేకు కోస్తారట. ఈలోగా రాగి కొలిమివాళ్ల పొగ ఫ్యాను రెక్కలకి పూత మొదలెట్టాలి. నిప్పులాంటి పొగ, దాంట్లో ఇసుకలాంటి దుమ్ము. ఈ పొడి వేస్తే రెక్కలు నెల తిరక్కుండా అరిగిపోతాయి, మాట పడేది ఇంజనీరు మపాలో.

ఆ అమ్మాయి చేరి నాలుగు నెలలు. పుస్తకంలో గట్టిదనం అంకె చూసి, ఎక్కువున్నదాన్నే తెప్పించింది. ఆ అంకె చల్లటి గదిలో కొలిచిందనీ, వేడిలో నిలవదనీ పాపం తోచలేదు. కపంబ్వే వెళ్లి చెబితే మూతి ముడుచుకుంది.

"వెళ్లేరోజు కూడా నాతో పేచీయేనా, బా కపంబ్వే?" పెద్దవాళ్లని గౌరవంగా పిలిచే ఆ "బా" మాత్రం వదల్లేదు.

"పేచీ ఎందుకు తల్లీ, రెండు బిళ్ళలు కాల్చి చూద్దాం. నేను ఓడితే నా కేకు ముక్క కూడా నువ్వే తిను."

చెరో పొడీ పూసిన రెండు ఇనప బిళ్ళలు ఎనిమిది వందల డిగ్రీల పొయ్యిలోకి వెళ్లాయి. ఆయన తాపీగా రెక్కలు తుడిచాడు, మొక్కజొన్న పిండితో వండిన న్షిమా ముద్దలు కపెంటా చేపల కూరలో అద్దుకుని తిన్నాడు, వంటామె ఉప్పు మరిచిందని ఆటపట్టించాడు. మూడింటికి మాత్రం అందర్నీ కుర్చీలు వెయ్యమని బయటికి తోలేశాడు. పొయ్యి దగ్గర మిగిలింది వాళ్లిద్దరే.

టంగ్‌స్టన్ బిళ్ళ పసుప్పచ్చగా పొంగి, పట్టకారు తగలగానే పెచ్చులూడింది. క్రోమియం బిళ్ళ కాస్త నల్లబడిందంతే. చల్లారాక దాని మీద గాలిగొట్టంతో ఇసుక కొట్టినా గీత పడలేదు. మపాలో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అందరికీ చెప్తారా?"

"చేరిన ఏడాది నేనూ ఇదే చేశాను తల్లీ. రెక్కలు విరిగి కొలిమి రెండ్రోజులు ఆగింది. మా మేస్త్రి నా పేరు బయటపెట్టలేదు. ఇన్నాళ్లకి నీకే చెప్తున్నా."

ఆమె ఆర్డరు కాగితంలో టంగ్‌స్టన్ పేరు తనే కొట్టేసి, స్టోరులోంచి పాత క్రోమియం డబ్బా తనే మోసుకొచ్చింది. మొదటి రెక్కకి ఆయన పూత వేశాడు. మిగతావి రేపు వేరేవాళ్లు వేస్తారు. కేకు కోశారు, అందరూ నవ్వారు, ఆయన రెండు ముక్కలు తిన్నాడు. గేటు దగ్గర మపాలో, అంత చదివిన ఇంజనీరు, మోకాళ్లు వంచి, అరచేతులు దొప్పలు చేసి, అక్కడ పెద్దవాళ్లకి మర్యాద చేసినట్టు మెల్లగా చప్పట్లు కొట్టింది. కపంబ్వే తనూ అలాగే చప్పట్లు కొట్టాడు. మినీబస్సు వచ్చింది, ఎక్కాడు.

ఆమె గదిలోకొచ్చి చూస్తే, బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకంలో, ఆ అంకెలున్న పేజీ మీద నల్లబడ్డ బిళ్ళ ఉంది, ఒక్క గీత కూడా లేకుండా.