మోటరు ఆపిన చెయ్యి

ఆ రోజుల్ల మొయినాబాద్ దాటితే చేవెళ్ల రోడ్డు పొడుగునా ఇంజినీరింగు కాలేజీలు లేస్తుండె. అసొంటి ఒకదాంట్ల నేను ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం. పేరు ప్రవళిక, ఊరు ఎంకపల్లి. కంప్యూటర్ సీటు రాలే. కౌన్సెలింగ్‌ల ఎలక్ట్రికల్ అని చెప్పంగనే అరచేతులు చెమట పట్టినయి.

మా బాపు ఎంకయ్య కరెంటుతోనే పోయిండు. నేను ఎనిమిదో తరగతి. వానకు తడిసిన బోరు స్టార్టర్ డబ్బ మీద చెయ్యి పెట్టిండు. సద్ది తీసుకపోయిన నేనే చూసిన. పట్టుకోబోతే పక్క చేను సాయమ్మ నా జడ పట్టి వెనక్కి గుంజింది. అప్పటి సంది ఇంట్ల లైటు స్విచ్చు గూడ నన్ను కన్న మా అవ్వనే వేస్తది.

కాలేజీల లెక్కలన్నీ మంచిగ రాస్తుంటి. ల్యాబ్‌ల మాత్రం అందరి వెనక నిలబడి, మా బ్యాచ్ సాయి కిరణ్ చెప్పిన రీడింగులు ఎక్కించుకునేదాన్ని. ఎవ్వరికీ పట్టింపు లేకుండె. సగం క్లాసు అమీర్‌పేటల జావా నేర్చుకుంటున్నది. "సాఫ్ట్‌వేర్ కంపెనీల మోటరు తిప్పుమంటరా?" అని నవ్వేటోళ్లు.

ఆ ఏడు అరుణశ్రీ మేడమ్ కొత్తగ వచ్చింది. మొదటి ల్యాబ్‌లనే నన్ను ముంగటికి పిలిచింది. "ప్రవళికా, మెయిన్ స్విచ్చు వెయ్యి."

పిడి దగ్గరికి చెయ్యి పోయింది. అంగుళం దూరంల ఆగింది. చెవుల్ల గుయ్యిమన్నది. కండ్లు తెరిచేసరికి రబ్బరు చాప మీద పడి ఉన్న.

మేడమ్ అందర్ని బయటికి పంపి నీళ్లు తాపింది. బాపు సంగతి కాలేజీల మొదటిసారి చెప్పిన. ఫికర్ చెయ్యకు, భయం పోతదంటదనుకున్న. అనలే.

"భయం ఎక్కడ తెలుస్తున్నది నీకు? తలకాయలనా?"

"కాదు మేడమ్. ఇగో, మోచేతి కాడ. ఆడ బిగుసుకుంటది."

"నువ్వు చదివింది ఆడిదాక పోలేదన్నట్టు. చేతికే నేర్పాలె."

మరునాటి నుంచి అన్నాలు తిన్నంక రోజూ పావుగంట. ఫ్యూజులు తీసి నా చేతికిచ్చేది. టెస్టర్ పెట్టి సప్లై లేదని నాతోనే చూపిచ్చేది. "వేసుడు తర్వాత. ముందుగాల ఆపుడు నేర్చుకో" అన్నది. కాళ్లు ఎడంగ పెట్టాలె. ఎడమ చెయ్యి వెనక్కి. ఊపిరి వదులుకుంట పిడి కిందికి గుంజాలె. మొదటి వారం పిడి ముట్టనే లేదు. సప్లై లేదని తెలిసినా చెయ్యి అంగుళం దూరంలనే ఆగేది. మూడో వారం కండ్లు మూసుకొని గుంజిన.

హెచ్‌ఓడీ అనంతయ్య సారు ఒకనాడు తలుపు కాడ నిలబడి, "మేడమ్, ఇది ల్యాబా, యోగా క్లాసా?" అని పోయిండు.

దసరా సెలవులైనంక సప్లై ఉన్న స్విచ్చు నేనే వేసిన. మోటరు తిరిగింది. మోటరు అవతల గోడ పక్కన నిలబడి సాయి కిరణ్ స్పీడు చదువుతున్నడు. "పదిహేను వందలు."

అప్పుడు బల్ల మీద, మోటరు స్పీడును అదుపుల పెట్టే ఫీల్డు తీగ స్క్రూల నుంచి ఊడింది.

చప్పుడు మారింది. "రెండు వేలు... మేడమ్, ఆగుతలేదు!" చప్పుడు ఈల లెక్క సన్నగయ్యింది. బల్ల వణికింది. కాలిన వాసన. "ఉరుకుండ్రి!" అని ఎవరో అరిస్తే అందరు తలుపు దిక్కు ఉరికిండ్రు. సాయి కిరణ్‌కు దారి లేదు, మోటరు ముంగట్నుంచే రావాలె. గోడకు అతుక్కపోయిండు. మేడమేమో ల్యాబ్‌కు ఆ చివర్ల ఉన్నది. నాకు బాపు చెయ్యి కనవడ్డది. ఇగ నేను గూడ అయిపోయిన అనుకున్న.

కాళ్లు వాటంతటవే ఎడమైనయి. ఎడమ చెయ్యి వెనక్కి పోయింది. ఊపిరి బయటికి వచ్చింది. టప్పుమని నీలి మెరుపు మెరిసింది.

పిడి కింద ఉన్నది. మోటరు ఆగినంక సాయి కిరణ్ గోడ ఇడిచి బయటికి వచ్చిండు.

నేను కింద కూలబడ్డ. మేడమ్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఆమె చెయ్యి చల్లగ మంచులెక్క ఉండె.

"మీకు గూడ భయమైందా మేడమ్?"

"అయింది. స్క్రూలు నేను మళ్లొకసారి చూడాల్సి ఉండె. చూడలే."

ఆ సాయంత్రమే మేడమ్‌కు మెమో ఇచ్చిండ్రు. మధ్యాహ్నం పావుగంటలు బంద్.

ఇంటికి పోయి అవ్వకు దాచకుండ చెప్పిన. మా అవ్వ అంతమ్మ కూర గంటె పక్కకు పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటి ఒత్తి చూసింది. చానసేపు ఇడవలే.

"ఆ చదువు వద్దు బిడ్డా. రేపు పోకు."

"పోత అవ్వా."

"నాకు భయమైతున్నది."

"నాకు గూడ."

పొద్దున్నే షేర్ ఆటో ఎక్కిన. అవ్వ రోడ్డు దాక వచ్చి, ఆటో మలుపు తిరిగేదాక ఆడనే నిలబడ్డది.