ఇంకా రెండేళ్ళు ఆగాలి

ఆర్విల్ ప్రూయిట్ తాళంచెవిని కోత మిషను మీద రెండో వైపుకి తిప్పి బిగిస్తుండగా ఇనప సామాన్ల కొట్టు తలుపు గంట మోగింది. తలెత్తకుండానే వచ్చిందెవరో తెలిసిపోయింది. బుధవారం, ఉదయం తొమ్మిదిన్నర. డార్లా కిన్సర్ ఈపాటికి బందుల అర ముందు నిలబడి ఉంటుంది.

జనవరి నుంచి ఆవిడ వారానికో తలుపు బందు కొంటోంది. ఆవిడ ఇంట్లో అన్ని తలుపులు లేవని మా ఊళ్ళో అందరికీ తెలుసు. కూతురు ఎమరీ తొమ్మిదో తరగతి. నౌకాదళ అకాడమీలో చేరి ఆఫీసరవుతానని పట్టుబట్టి కూర్చుంది. నది ఇవతలున్న మూడు కౌంటీలకీ ఆ అకాడమీ తరఫు మనిషి ఆర్విలే. జీతం లేదు, భత్యం లేదు. దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్ని పిలిచి మాట్లాడి, రెండు పేజీలు రాసి పంపడమే పని. ఎంపిక చేసేది ఎక్కడో కూర్చున్న కమిటీ. ఈ సంగతి ఎంత మొత్తుకున్నా ఒక్కళ్ళూ నమ్మరు.

"ఒరేయ్ ఆర్విల్, నీ బందుల మేడమ్ వచ్చింది," అన్నాడు కొట్టు యజమాని లొవెల్ గొంతు తగ్గించి. "ఆవిణ్ణి ఇంకో రెండేళ్ళు ఇలాగే తిప్పించుకోరా బాబూ, కొట్టుకి కొత్త కప్పు వేయించుకుంటాను."

"నీ మొహం," అన్నాడు ఆర్విల్. లొవెల్ అన్నది రెండేళ్ళు. ఫిబ్రవరిలో డాక్టరు చెప్పింది నెలల లెక్క. ఎవరికీ చెప్పలేదు, లొవెల్‌కి కూడా.

మనిషి పొడుగు. అరవై తొమ్మిదేళ్ళకి కొంచెం వంగాడు. వేళ్ళ కణుపుల మడతల్లో ఇత్తడి పొడి ఎప్పటికీ వదలదు. ఎర్ర ఏప్రను ఒకప్పుడు బిగుతుగా ఉండేది, ఇప్పుడు దాని తాళ్ళు నడుముకి రెండు చుట్లు వస్తున్నాయి.

"ప్రూయిట్ గారూ, మా అమ్మాయితో ఒక్క పావుగంట మాట్లాడండి. మీరు తల్చుకుంటే కానిదేముంది?" అంది డార్లా, బందు బల్ల మీద పెట్టి.

"నేను తల్చుకుంటే నా నడుంనొప్పే తగ్గట్లేదమ్మా."

ఎప్పుడూ అక్కడితో ఆపేసేవాడు. ఈసారి ఆవిడ మొహం చూసి ఆపలేకపోయాడు. "నాలుగింటికి హోటలుకి తీసుకురండి. మీరు మాత్రం వేరే బల్ల దగ్గర కూర్చోవాలి," అన్నాడు.

మధ్యాహ్నం వెనక గదిలో మేకుల పెట్టె మీద కూర్చుని పందిమాంసం శాండ్‌విచ్ సగం తిన్నాడు. మిగతా సగం లోపలికి పోలేదు. పాత రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో ఫారాలు గోధుమరంగు కవర్లలో వచ్చేవి. వంటింటి బల్ల మీద రెండు వేళ్ళతో టైపు కొట్టేవాడు. భార్య విల్మా గిన్నెలు తుడుస్తూనే భుజం మీంచి చదివేది. "ధైర్యవంతుడని మూడుసార్లు రాశావు. నీకింకో మాట రాదా?" అని ఏడిపించేది. ఎంత బాగుండేది! ఆవిడ పోయాక ఫారాలు కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి. తప్పులు అదే దిద్దుతుంది, ఏడిపించడం మాత్రం దానికి రాదు.

టాడ్ రిగ్స్‌బీ కూడా గుర్తొచ్చాడు. వాడూ తొమ్మిదో తరగతిలోనే వచ్చాడు. చురుకైన కుర్రాడు. కొత్తగా ఈ పనికి ఒప్పుకున్న హుషారులో ఆర్విల్ వాడి వీపు తట్టి, "నీకు సీటు ఖాయంరా," అనేశాడు. వాడు నమ్మాడు, ఊరంతా చెప్పుకున్నాడు, ఇంకే కాలేజీకీ దరఖాస్తు పెట్టలేదు. సీటు రాలేదు. ఇప్పుడు వంతెనకి రంగులేసే ముఠాలో ఉన్నాడు. మేకులు కావాలంటే ముప్ఫై మైళ్ళు అవతలి ఊరెళ్ళి కొనుక్కుంటాడు గానీ ఈ కొట్టు గడప తొక్కడు. ఆ తర్వాత ఆర్విల్ ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

నాలుగింటికి డార్లా ఇటికంత ఫైలు తెచ్చింది. బాలవాడి నుంచీ ఉన్న సర్టిఫికెట్లు, ఫొటోలు. "ఇది ఇంటి దగ్గరే ఉంచండమ్మా, దీంతో నేనేం చేయలేను," అని తిరిగిచ్చేశాడు. ఆవిడ మూతి ముడుచుకుని దూరంగా వెళ్ళి కూర్చుంది.

ఎమరీ పొట్టిగా ఉంది. పళ్ళకి తీగ, మోచేతి మీద ఎండిన గాయం.

"లెక్కలెలా ఉన్నాయి?"

"ఆల్జీబ్రా చంపేస్తోందండీ."

"కడ్డీ పట్టుకుని పుల్‌అప్స్ ఎన్ని తీస్తావు?"

"ఒక్కటీ రాదు. వేలాడతానంతే."

ఆర్విల్ పకపకా నవ్వాడు. ఇన్నేళ్ళలో ఇంత నిజం ఎవరూ చెప్పలేదు.

"విను తల్లీ. ఇప్పుడు నా వల్ల నీకయ్యేదేమీ లేదు. పదకొండో తరగతి చివర్లో దరఖాస్తు తెరుస్తారు, నీకో నెంబరొస్తుంది. అప్పుడు నీకొక మనిషిని కేటాయిస్తారు. సీటిచ్చేది ఆయనా కాదు. కాంగ్రెస్ సభ్యుడి సిఫారసు వేరే తెచ్చుకోవాలి. ఇవన్నీ చేసినా పదిమందిలో తొమ్మండుగురికి రాదు. అందుకని ఇంకో రెండు కాలేజీలు చూసుకో. ఆల్జీబ్రా సంగతి చూడు."

"ఆ మనిషి మీరేనా?"

అవునంటే సరిపోతుంది. పిల్ల సంతోషంగా ఇంటికెళ్తుంది, తల్లి కూడా. పదిహేడేళ్ళకి ఈ పిల్ల ఎలా ఉంటుందో చూడాలని ఆర్విల్‌కి చాలా ఆశ పుట్టింది.

"కాదు. అప్పటికి నేనుండను."

"రిటైరవుతారా?"

"ఒంట్లో బాగాలేదమ్మా. బతికి ఉండను." ఈ మాట పైకనడం ఇదే మొదటిసారి.

ఎమరీ బల్ల మీది ఉప్పు డబ్బాని పక్కకి జరిపింది. "అమ్మకి చెప్పనా?"

"ముందు లొవెల్‌కి చెప్పాలి నేను. ఆ తర్వాత చెబుదువుగాని."

"మరి ఆ మనిషిని కేటాయించేదాకా నేనెలా చేస్తున్నానో ఎవరికి రాయాలి?"

"నెలనెలా ఎవరి ప్రాణమూ తీయకు. ఏడాదికొక్కసారి, ఆగస్టులో, అర పేజీ రాయి. చేసింది రాయి, చేయబోయేది వద్దు."

"మీకు రాయనా?"

"రాయి," అనేశాడు.

కొట్టుకి తిరిగి నడుస్తుంటే తన మీద తనకే కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు నోరు కట్టేసుకుని, చివరికి తను చదవలేని ఉత్తరం రాయమని మాట ఇచ్చి వచ్చాడు! కొట్టు మూసేముందు లొవెల్‌కి చెప్పాడు. లొవెల్ "అఘోరించావులే," అన్నాడు ముందు. తర్వాత బల్ల చివర పట్టుకుని నిలబడి, పొద్దున వేసిన హాస్యానికి తనను తాను బండబూతులు తిట్టుకున్నాడు.

జూన్ రెండో వారంలో, ఆదివారం పొద్దున, ఆర్విల్ నిద్రలోనే పోయాడు. టాడ్ రిగ్స్‌బీ వచ్చి శవపేటిక ఒక మూల పట్టుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆగస్టు ఒకటిన ఎమరీ ఒక్కతే కొట్టుకొచ్చి బల్ల మీద కవరు పెట్టింది. దాని మీద ఆర్విల్ పేరు.

"ఆయన లేడు కదమ్మా," అన్నాడు లొవెల్.

"తెలుసండీ. ఆగస్టని చెప్పారు."

పిల్ల వెళ్ళాక విప్పి చదివాడు. 'ఆల్జీబ్రాలో బి గ్రేడు వచ్చింది. పుల్‌అప్స్ రెండు తీస్తున్నాను. రెండోసారి గడ్డం కడ్డీ దాటలేదు, కాబట్టి ఒకటిన్నర అనుకోండి. ఇంకో రెండు కాలేజీలు చూసుకున్నాను. జవాబు అక్కర్లేదు.'

లొవెల్ కళ్ళు తుడుచుకుని ఆ కాగితాన్ని కౌంటరు వెనక మేకుకి గుచ్చాడు. మరో ఆగస్టు వచ్చి వెళ్ళింది, ఇప్పుడు ఆ మేకుకి రెండు అర పేజీలున్నాయి.