రెండుసార్లు వదిలిన మార్జిన్

మా కుట్టు కర్మాగారంలో అందరూ మా ఆయన్ని కటింగ్ మాస్టారు అంటారు. నేను అదే హాల్లో ఓ మూల కూర్చుని కాజాలు కుడతాను. గుడ్డ కత్తిరించే కంప్యూటర్ మిషన్ వచ్చిన రోజున తక్కిన కత్తెరవాళ్లంతా మొహాలు ముడుచుకుంటే, మా ఆయన మాత్రం కొత్త అల్లుణ్ణి చూసినట్టు దాని చుట్టూ తిరిగారు. నాకు ఒళ్లు మండింది.

"మన పొట్ట కొట్టడానికి వచ్చినదానికి మర్యాదలు కూడానా?" అన్నాను.

"నేర్చుకుంటే మనదే అవుతుందే," అన్నారు.

యజమాని కూడా ఆశ పెట్టాడు. ఒక హోటల్ సిబ్బందికి కుట్టాల్సిన కోట్లు ఆ మిషన్ మీద సరిగ్గా కత్తిరించి చూపిస్తే, మిషన్ గది మాస్టారిదేనన్నాడు. లేకపోతే బయటినుంచి ఆపరేటర్ని తెచ్చుకుంటాడట. నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిన మనిషికి కూర్చునే పని దొరుకుతుందంటే నాకు మాత్రం ఆశ పుట్టదా?

ఇక చూడాలి ఆయన పట్టుదల! టీ మానేశారు, కబుర్లు మానేశారు. పని కాగానే నేర్పడానికి వచ్చిన టీచరమ్మ పక్కన కూర్చునేవారు. మౌస్ ఒక్కటే ఏడిపించింది. ఇంట్లో కంచం చుట్టూ గ్లాసు తోస్తూ సాధన చేసేవారు.

"అన్నం తింటారా, క్లిక్కు చేస్తారా?" అని కసిరేదాన్ని.

ఆయన మిషన్ మీద కత్తిరించిన కోట్లు కుట్టాం, పంపాం. మర్నాడే తిరిగొచ్చాయి. తొడుక్కున్నవాళ్లంతా అన్నల బట్టలు వేసుకున్న తమ్ముళ్లలా ఉన్నారట. ఆర్డరు ఇంకొకరికి పోయింది.

కుట్టులోకి పోయే గుడ్డ కోసం కొలత కన్నా కాస్త ఎక్కువ వదిలి కత్తిరిస్తాం. దాన్నే మార్జిన్ అంటాం. ఆ మిషన్ మార్జిన్‌ను తనంతట తానే వదులుతుంది. మా ఆయనేమో చేతి అలవాటుకొద్దీ, తన మార్జిన్ కూడా కలిపి కొలతలు ఎక్కించారు. చెప్పాలని ఆ టీచరమ్మకు తోచలేదు, అడగాలని ఈయనకు తోచలేదు. అంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరయింది.

యజమాని వచ్చి కోటు బల్ల మీద పరిచాడు. "మాస్టారూ, మిషన్ తేడా చేసిందా? చెప్పండి, ఇవాళే వెనక్కి పంపించేస్తాను."

హాలంతా ఆయన వైపే చూసింది. ఊ అనండి మహానుభావా అని నేను లోలోపల మొత్తుకున్నాను.

"దాని తప్పేం లేదండీ. మార్జిన్ నేను కూడా వదిలాను," అన్నారాయన.

కొత్త ఆపరేటర్ వచ్చాడు. మా ఆయన్ని ఇస్త్రీ బల్లకు మార్చారు. అక్కడా నిలబడే పనే. ఆ సాయంత్రం ఇంటికి రాగానే విరుచుకుపడ్డాను.

"ఒక్క అబద్ధమాడితే మీ సొమ్మేం పోయేది?"

ఆయన మంచం మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటున్నారు. కోపమేమీ లేదు.

"ఆ అబ్బాయి బాగా చేస్తున్నాడే," అన్నారు. "కొలత ఎంతుంటే అంతే ఎక్కిస్తాడు. మార్జిన్ ఎందుకు వదుల్తారో కూడా తెలీదట, నన్నే అడిగాడు."

"చెప్పారా?"

"చెప్పాను." మోకాలి మీద చెయ్యి ఆపారు. "నాకూ తెలియకపోయుంటే ఎంత బావుండేదే."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. ఆ పూట మాత్రం కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చి, ఆ మోకాళ్లకు నేనే రాశాను.