జూన్ కల్లా వస్తుందన్న కాలేజీ

గోనెసంచి కొనేవాడు దాని మీది పేరు చూడడు, తిరగేసి లోపల చూస్తాడు. వాడిన సంచిని తిప్పి, శుభ్రంగా ఉన్న వైపు మీద ఇంకో మిల్లు పేరు అచ్చువేసి అమ్మడం ఆ వ్యాపారంలో మామూలే. పైన ఎంత కొత్త పేరున్నా లోపల పాతది ఉండనే ఉంటుంది. జైరాం ఇరవై రెండేళ్లుగా ఈ పని మీదే బతికాడు. కోదాడలో పాత సంచులు కొని, సూర్యాపేటలో తన షెడ్డులో కుట్టించి, మిర్యాలగూడ మిల్లులకు వేస్తాడు. చివ్వెంల దగ్గరి తండాలో పుట్టి, ఐదో తరగతి దగ్గర చదువు ఆపేసినవాడే గాని, సంచి దగ్గర మాత్రం ఎవరి చేతిలోనూ మోసపోలేదు.

అలాంటి జైరాం ఆ మంగళవారం తన బామ్మర్ది తెచ్చిన కాగితాన్ని మాత్రం పైపైన చూసి నమ్మేశాడు.

ఎన్నికల రోజులు. బామ్మర్ది వీరేందర్ పార్టీ మనిషి. మెడలో కండువా, చంకలో కరపత్రాల కట్టతో షెడ్డులోకి వచ్చి, ఒక కరపత్రం తీసి నాలుగో వరుస మీద వేలు పెట్టాడు.

"బావా, గిది సూడు. సూర్యాపేటల ఆడపిల్లలకు సర్కారు పీజీ కాలేజీ, హాస్టల్‌తో సహా. ఎప్పుడనుకున్నవ్? వచ్చే జూన్ కల్లా! ఇగ మన సునీతను హైదరాబాద్ తోలుడెందుకు? ఒక్క ఏడాది ఆగితే పొద్దుగాల పోయి పొద్దుమూకేసరికి ఇంట్ల ఉంటది."

జైరాం కూతురు సునీతకు హైదరాబాద్‌లో యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ సీటు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా చేరకపోతే సీటు పోతుంది. తండాలో పీజీ దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. వారం రోజులుగా జైరాం మనసులో త్రాసు ఊగుతూనే ఉంది. ఒక పక్క సీటు, ఇంకో పక్క దూరం, తెలియని ఊరు, రెండేళ్లు. వీరేందర్ మాటతో ఆ త్రాసు ఒక్కసారిగా ఒరిగింది.

"కాలేజీ వస్తదంటే పిల్లను ఈడనే సదివిస్త. మాటిస్తున్న" అన్నాడు, చాయ్ తాగుతున్న నలుగురి ముందూ.

మాట మీద నిలబడే మనిషని మూడు ఊళ్లలోనూ అతనికి పేరు. సాయంత్రానికల్లా ఆ మాట తండా మొత్తం చేరింది.

ఇంట్లో సునీత ఏడవలేదు, అలగలేదు. "బాపు, లోపల సూసినవా?" అని మాత్రం అడిగింది.

"దేని లోపల?"

ఆమె ఫోన్ చేతికిచ్చింది. అయిదేళ్ల కింద ఇదే పార్టీ గెలిచినప్పటి మేనిఫెస్టో. సూర్యాపేటలో ఆడపిల్లలకు పీజీ కాలేజీ అన్న వరుస అందులోనూ ఉంది. అప్పుడూ జూన్ కల్లానే. సంవత్సరం ఒక్కటే వేరు.

రొట్టెలు చేస్తున్న అతని భార్య రుక్మిణి పొయ్యి దగ్గరి నుంచే అంది, "ఇరవై ఏండ్ల సంది సంచులు తిప్పిండు. కాగితం తిప్పనీకె బిడ్డ రావాల్సొచ్చింది."

జైరాం ముఖం మాడింది. కానీ బేరం వదిలే రకం కాదతను. "పాతదైతే చిల్లున్నట్టేనా? మంచి పాత సంచులు నేనెన్ని అమ్మలే?"

"నిజమే" అంది సునీత. "అయితే సూసొద్దాం పా. ఈ పాత మేనిఫెస్టోలనే కోదాడకు సైన్సు కోర్సులన్నరు, మిర్యాలగూడకు ఆడపిల్లల హాస్టలన్నరు. ఎల్లుండి నీ లోడు గా రెండూళ్లకు పోయేదే గదా. నేనూ వస్త."

గురువారం ట్రాలీ ఆటోలో డ్రైవర్ పక్కన ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. కోదాడ కాలేజీలో సైన్సు బిల్డింగు ఉంది, రంగు కూడా వెలవలేదు. లత అనే లెక్చరర్ ల్యాబు తలుపు తీసి చూపించింది.

"వచ్చిందమ్మా, రాలేదని ఎందుకంటాను? బిల్డింగు రెండేళ్లలో లేచింది. క్లాసులు నాలుగో ఏడు మొదలయ్యాయి. కెమిస్ట్రీకి ముగ్గురుండాలి, ప్రస్తుతం నేనొక్కదాన్నే. అదీ గెస్ట్ లెక్చరర్‌ని."

"పిల్లలెంతమంది మేడం?"

"నలభై రెండు. వాళ్లలో పదహారు మంది కాలేజీ ముఖం చూసిన మొదటివాళ్లు, వాళ్ల ఇళ్లల్లో."

సునీత రెండు సంగతులూ రాసుకుంది.

మిర్యాలగూడలో మిల్లు దగ్గర సంచులు దింపాక హాస్టల్ వెతుక్కుంటూ పోయారు. రెండంతస్తుల భవనం, గేటుకు తాళం. నీడలో స్టూలు మీద కూర్చున్న కాపలాదారు యోహాను లేచి వచ్చాడు.

"అడ్మిషన్ కావాల్నా బిడ్డా? మస్తు ఖాళీలున్నయ్. మంచాలు రాలే, వార్డెన్ పోస్టు రాలే. ఏడాదిన్నర సంది ఈ హాస్టల్ల ఉండేది నేనొక్కన్నే."

జైరాం నవ్వాడు. సునీత నవ్వుతూనే రాసుకుంది.

తిరుగుదారిలో గరిడేపల్లి దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు తను రాసుకున్న కాగితం తండ్రి ముందు పెట్టింది. "బిల్డింగుకు రెండేండ్లు. కోర్సు మొదలుగానీకె ఇంకో రెండు. లెక్చరర్లు, వార్డెన్ ఎప్పుడొస్తరో ఎవరికీ తెల్వదు. ఇది ఉత్తదే అని నేననను బాపు. కోదాడల పదహారు ఇండ్లకు పనికొచ్చింది. సూర్యాపేటల కడితే మన తండా చిన్నపిల్లలకు పనికొస్తది. నాకైతే పనికిరాదు."

జైరాం చాయ్ చల్లారిపోయేదాకా ఆ కాగితాన్నే చూశాడు. హైదరాబాద్ పోవాలని లోలోపల అంతగా ఉన్న పిల్ల, తాళం వేసిన గేటు ఒక్కటి చూపిస్తే చాలు, వాదన గెలిచేది. కోదాడ బిల్డింగును రాయాల్సిన అవసరమే లేదు. అయినా రాసింది, అవతలివాళ్లకు రావలసినది వాళ్లకు వేసింది. తనకు కావలసిన వైపు వేలు ఆనించకుండా తూకం వేసే మనిషిని ఇరవై రెండేళ్ల బజారులో అతను చూడలేదు. తనతో కలిపి.

"మరి నేనిచ్చిన మాట?" అన్నాడు.

"అది నీ లెక్క బాపు. నేను రాసేది గాదు."

శుక్రవారం సాయంత్రం ఆ పార్టీ అభ్యర్థి అరుంధతి తండాకు వచ్చింది. పెద్ద వ్యవసాయ కుటుంబం మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. వీరేందర్ మైకు పట్టుకుని ఊగిపోయాడు. "రాబోయే కాలేజీల మొట్టమొదటి స్టూడెంటు మా మేనకోడలు సునీత! రా బిడ్డా, మేడంకు దండెయ్యి!"

చప్పట్ల మధ్య సునీత వేదిక దగ్గరికి వెళ్లింది. దండ వేసింది, మైకు కూడా తీసుకుంది.

"మేడం, కాలేజీ జూన్ కల్లా అన్నరు. లెక్చరర్ పోస్టులు ఎన్ని మంజూరైనయ్?"

"ఏయ్ సునీతా, కిందికి దిగు" అన్నాడు వీరేందర్ పళ్ల బిగువున.

"ఉండనియ్యి" అంది అరుంధతి. "ఇంకా ఒక్కటి గూడ మంజూరు కాలేదమ్మా."

"కోదాడల బిల్డింగు లేసినంక రెండేండ్లకు గాని క్లాసులు కాలే. మిర్యాలగూడ హాస్టల్‌కు వార్డెన్ లేదు. మేం సూసొచ్చినం. ఈడ జూన్ కల్లా ఎట్లయితది? నాకు రేపు సాయంత్రం దాకనే టైమున్నది. సీటు వదులుకొని ఆగమంటరా?"

అరుంధతి దండ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆగమని చెప్పలేను. జూన్ అని రాసుడు తప్పే. గెలిస్తే మూడు నాలుగేండ్లల్ల తెస్త. పోస్టులు మంజూరైనంకనే పునాదిరాయి వేస్త. గంతవరకే చెప్పగలను."

జైరాం లేచి నిలబడ్డాడు.

"మంగళవారం నలుగురి ముందట మాటిచ్చిన. సూడకుండ ఇచ్చిన. ఇప్పుడు అందరి ముందట వాపస్ తీసుకుంటున్న. నా బిడ్డ రేపు హైదరాబాద్ పోతది."

వెనక నుంచి ఫూల్‌సింగ్ అనే ముసలాయన అరిచాడు. "జైరామన్నా, మాట తప్పుడు మొదలువెట్టినవ్! ఇగ నువ్వు గూడ నిలబడు ఎలచ్చన్ల!"

అందరూ పకపకా నవ్వారు. అరుంధతి కూడా నవ్వింది. మాట తప్పితే మనిషి విలువ పడిపోతుందని జైరాం ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ నవ్వుల మధ్య నిలబడి చూసుకుంటే, పడినదేమీ కనిపించలేదు. మరి ఓటెవరికని ఎవరో అడిగితే, "ఎవరి లెక్క వాళ్లు సూసుకోండ్రి. కావాల్నంటే మా బిడ్డ రాసిన కాగితం ఉన్నది, ఇస్త" అన్నాడు.

వీరేందర్ రెండు రోజులు బావతో మాట్లాడలేదు. మిగిలిన కరపత్రాల మీద జూన్ అన్న మాటను పెన్నుతో కొట్టేసే పని అతని నెత్తినే పడింది.

శనివారం పొద్దున్నే సూర్యాపేట బస్టాండులో తండ్రీకూతుళ్లు హైదరాబాద్ బస్సెక్కారు. ఎక్కడ కొంటాడో, ఎక్కడ అమ్ముతాడో తోడబుట్టినవాళ్లకు కూడా చెప్పని మనిషి జైరాం. కండక్టర్ రాగానే, "రెండు హైదరాబాద్. మా బిడ్డ ఎం.ఎస్సీ. కెమిస్ట్రీల చేరుతున్నది" అన్నాడు.

"మంచిదే పెద్దాయనా. ఏడ దిగుతరు, దిల్‌సుఖ్‌నగరా, ఎంజీబీఎస్సా?"

సునీత మోచేత్తో పొడిచింది. "బాపూ, జర మెల్లగ."

"మెల్లగ ఎందుకు?" అన్నాడు జైరాం. వెనక సీటులో కూర్చున్న ఇద్దరికీ బహుశా వినపడలేదేమోనని అనుమానం వచ్చి, అటు తిరిగి మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.