పన్నెండు పేర్ల పోస్టరు

సినిమా నిడివి పదకొండు నిమిషాలు. స్క్రిప్టు నాలుగు పేజీలు. దాని ప్రచారానికి దర్శకుడు రాసుకొచ్చిన ప్రణాళిక మాత్రం ఇరవై ఆరు పేజీలు. సినిమా కోర్సు ఇంకా పూర్తికాకుండానే అతగాడికి నల్ల కళ్లద్దాలు, మెడలో ఈల వచ్చేశాయి. తోటి విద్యార్థులు వెక్కిరింతగా ‘కెప్టెన్’ అనేవారు; ఆయనగారు దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నారు.

పోస్టరు పని డిజైనరు పిల్ల మీద పడింది. అందులో ఆమెకి సొంత పట్టింపు ఒకటి ఉంది. సినిమాలో నటించింది ఆమె మేనత్త. పాత బట్టలు సరిచేసి కుట్టే చిన్న దుకాణం అత్తది. కథ కూడా అదే: ఒక కుట్టుపనావిడ, ఎవరూ వచ్చి తీసుకెళ్లని ఒక కోటు. పదకొండు నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు అత్త మొహమే. షూటింగ్ కోసం మూడు రోజులు దుకాణం మూసిన మనిషి అడిగింది ఒక్కటే, తను గోడ మీద కనిపిస్తుందా అని. “నీ మొహమే పోస్టరత్తా,” అని మేనకోడలు మాటిచ్చింది. ఆ మాట పట్టుకుని అత్త చుట్టుపక్కల దుకాణాల వాళ్లందరికీ చెప్పేసింది.

మొదటి పోస్టరు నిజంగా అలాగే వచ్చింది. ఒక కన్ను చికిలించి సూదిలోకి దారం ఎక్కిస్తున్న అత్త, కాగితమంతా. వెనక గోధుమరంగు గుడ్డ. కింద సినిమా పేరు. చూసుకుని డిజైనరు పిల్ల మురిసిపోయింది.

ఆ తర్వాత సమావేశాలు మొదలయ్యాయి. తన పేరు సినిమా పేరు కంటే కాస్త పైన ఉంటే కథకి బలమన్నాడు కెప్టెన్. విభాగాధిపతిగారికి పేరు మీద మోజేమీ లేదట, కానీ పై వరసలో లేకపోతే సంస్థకి మర్యాద కాదట. కెమెరా వాడు పెద్దక్షరాలు కావాలన్నాడు. శబ్దం చూసినవాడు కెమెరా వాడి కంటే చిన్నవి ఒప్పుకోనన్నాడు. షూటింగుకి బల్ల అరువిచ్చిన క్యాంటీన్ యజమాని, తనకివన్నీ ఎందుకంటూనే పేరు రాసిన చీటీ చేతిలో పెట్టాడు. అలా పేర్లు పన్నెండయ్యాయి. పన్నెండోది డిజైనరు పిల్లదే. ఇంతమంది ఉన్నాక నేనేం పాపం చేశానని, కింది మూలలో ఇరికించుకుంది.

పేరు చేరినప్పుడల్లా అత్త మొహం వేలెడు జరిగింది, వేలెడు తగ్గింది. కంప్యూటరులో పోస్టరు పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర పక్కనా కన్ను గుర్తు. అది నొక్కితే ఆ పొర కనబడదు. పేర్లు వరసగా సర్దడానికి అడ్డొస్తోందని ఆమె అత్త పొర కన్ను మూసింది. మళ్లీ తెరవలేదు.

ఆఖరి ప్రతి పన్నెండు మంది ఫోన్లకీ వెళ్లింది. పన్నెండు మందీ బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. ఎవరి పేరు వాళ్లు చూసుకున్నారు మరి.

ప్రదర్శన రోజు హాలు గుమ్మం పక్కన పెద్ద పోస్టరు: ఉత్త గోధుమరంగు గుడ్డ, దాని మీద పేర్లు. అత్త పొర కన్ను మళ్లీ తెరవలేదని డిజైనరు పిల్లకి అప్పుడు గుర్తొచ్చింది. కెప్టెన్ కూడా నల్ల కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు. ఇంతలో విభాగాధిపతి వచ్చి, తల పంకించి, లేని మనిషి ఉనికిని ఇంత బాగా పట్టుకున్న పోస్టరు తన సర్వీసులో చూడలేదన్నారు. కెప్టెన్ చటుక్కున తేరుకున్నాడు. ఆ ఖాళీ కోసం మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నానని చెప్పి డిజైనరు పిల్ల భుజం తట్టాడు. సిగ్గుచేటు ఏమిటంటే, ఆమె నవ్వింది.

అప్పుడే అత్త వచ్చింది, వెంట చెప్పుల దుకాణం ఆవిడ, తాళాలు బాగుచేసే ఆయన. ముగ్గురూ పోస్టరు ముందు నిలబడ్డారు. అత్త కళ్లజోడు తుడుచుకుని పైనుంచి కిందిదాకా వెతికింది. ఆఖరికి కింది మూల దగ్గర ఆమె వేలు ఆగింది.

“ఇదిగో, మా మేనకోడలి పేరు,” అని వాళ్లకి చూపించింది. “ఎంత నీటుగా పడిందో చూడండి.”

“మరి మీ బొమ్మేది?” అన్నాడు తాళాలాయన.

“నేను లోపల సినిమాలో ఉంటాను కదా,” అంది అత్త, గొంతు తగ్గించి.

డిజైనరు పిల్లకి తన మీద తనకే అసహ్యమేసింది. “మర్చిపోయానత్తా,” అంది. “నా పేరు చూసుకున్నాను, నిన్ను చూడలేదు.”

అత్త కోప్పడలేదు. “గుండీ కుట్టకుండా చొక్కా ఇచ్చేసిన రోజులు నాకూ ఉన్నాయే. వెనక్కి తెప్పించుకుని కుట్టేదాన్ని.”

ప్రదర్శనకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆమె ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకి పరిగెత్తింది. అక్కడ రంగులు లేవు, చిన్న కాగితాలే ఉన్నాయి. తన ఫోన్లో ఉన్న అత్త బొమ్మనే నలుపు తెలుపులో పన్నెండు ముక్కలుగా తీయించి, తెచ్చి పోస్టరు మీద పక్కపక్కనే అతికించింది. ఒక్కో పేరూ మాయమైంది. అత్త భుజం ఉన్న ఆఖరి కాగితం సరిగ్గా కింది మూలకి వచ్చింది. కాస్త ఆగి, దాన్నీ అతికించింది.

రెండు నిమిషాల్లో కెప్టెన్, విభాగాధిపతి, కెమెరా వాడు, క్యాంటీన్ యజమాని అందరూ తమ పేర్లేమయ్యాయంటూ పోస్టరు ముందు గుమిగూడారు. ఇన్ని రోజుల్లో వాళ్లు దాన్ని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూడటం అదే మొదటిసారి. వాళ్లని తప్పించుకుని అత్త పోస్టరు దగ్గరకి వెళ్లి, కాగితాల అతుకుల మీద వేలితో నిమిరింది.

“ఈ మూల కాస్త వంకరగా వచ్చిందే,” అంది, కళ్లొత్తుకుంటూ.